బీచ్‌రోడ్డు కార్నివాల్‌లో రోజంతా బుట్టబొమ్మలో ఉండాలి, తెలిసినవాళ్ళు చెప్పండి

ఎంవీపీ సెక్టార్ తొమ్మిది (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఈసారి మన విశాఖ బీచ్‌రోడ్డులో జరిగే కార్నివాల్ ఊరేగింపులో మా కాలనీ ఆడవాళ్ళం కూడా నడుస్తున్నాం. మాకు కోలాటం బృందం ఎప్పటినుంచో ఉంది. అందులో నేను లేను. నాకు తాళం ఒక దారి, కాళ్ళు ఒక దారి. ‘అయితే బుట్టబొమ్మలో దూరిపో వదినా, అందులో నీ కాళ్ళు ఎవరికీ కనపడవు’ అని మా ఆడపడుచు అనేసింది. అందరూ చప్పట్లు కొట్టేశారు, ఇక నేను కాదనే అవకాశమే లేకపోయింది. బొమ్మలు ఆడదీ మగదీ జతగా అద్దెకు వస్తున్నాయి. మగబొమ్మ ఎత్తుకుంటానని మాటిచ్చిన మా ఆయన, బొమ్మను చూసొచ్చిన దగ్గర్నుంచీ నడుం పట్టేసిందంటున్నారు. దాన్ని ఇప్పుడు మా మరిది ఎత్తుకుంటాడు.

ఆ రోజు పొద్దున్నే మా వీధుల్లో ఓ చుట్టు తిరుగుతాం. భోజనాలయ్యాక మూడింటికల్లా కాళీమాత గుడి దగ్గర వరసలో నిలబడాలి. అంతా కదిలేసరికి నాలుగున్నర దాటుతుంది. అక్కణ్ణుంచి పార్క్ హోటల్ జంక్షన్ దాకా నడక. చీకటి పడ్డాక లైట్లలో ఇంకోసారి ఆడిస్తారట.

నా టెన్షన్ అంతా ఏమిటంటే, లోపల ఊపిరాడుతుందా? దారి కనపడుతుందా? మధ్యలో బాత్రూంకి వెళ్ళాలంటే ఎలా? నాకు బీపీ లేదు, మోకాళ్ళు బాగానే ఉన్నాయి, భుజాలు మాత్రం కంప్యూటర్ ముందు కూర్చునే భుజాలు.

ఇంకొకటి. మా బాబుకు ఎనిమిదేళ్ళు. పులివేషం తప్ప ఇంకేదీ వద్దంటున్నాడు. రంగులు అమ్మే కొట్టతను ‘ఎనామిల్ అయితేనే మెరుస్తుందమ్మా, చెమటకి పోదు’ అన్నాడు. పక్కనే ఉన్న మా అత్తగారు ‘వాడేమైనా గేటా, ఎనామిల్ వెయ్యడానికి?’ అని నన్ను బయటికి లాక్కొచ్చారు. మరి ఏం వెయ్యాలి?

సిరిపురం సైకిల్

బొమ్మ సంగతి నాకు తెలీదండి, దారి సంగతి చెప్తాను. ఇలాంటి రోజుల్లో మధ్యాహ్నం నుంచే బీచ్‌రోడ్డు మీదకు బళ్ళు వదలరు. 2022 ఫిబ్రవరిలో మిలాన్ అని నౌకాదళాల విన్యాసాలు జరిగినప్పుడు నేవీ వాళ్ళ సిటీ పరేడ్ చూడ్డానికి వెళ్ళిన రోజు, బీచ్‌కి దిగే పాండురంగాపురం డౌన్ మొదట్లోనే బండి పెట్టేసి దిగాం. మనుషులు దిగొచ్చు, బుట్టబొమ్మ ఆ జనంలో ఎలా దిగుతుంది? రోడ్డు మూసేలోపే ఒక టాటా ఏస్ మాట్లాడుకుని బొమ్మల్ని గుడి దగ్గర దింపించెయ్యండి. మీరు తర్వాత తాపీగా నడిచి రావచ్చు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఇంకా కష్టం. అందరూ ఒకేసారి ఎక్కుతారు కదా. పార్క్ హోటల్ దగ్గర ఆటో కోసం నిలబడకుండా పెదవాల్తేరు వైపు పైకి నడిచేయండి. అక్కడైతే దొరుకుతాయి. వేషంలో ఉన్న పిల్లాణ్ణి చూస్తే ఆటోవాళ్ళు రేటు కాస్త తగ్గిస్తారు కూడా, నిజంగా.

గవరపాలెం బాబాయి

అమ్మాయ్, నేను పుట్టింది అనకాపల్లి గవరపాలెంలో. ఇప్పుడు గాజువాకలో ఉంటున్నాను. మా ఊళ్ళో గౌరీపరమేశ్వరుల ఉత్సవం అంటే నేలవేషాలూ స్టేజీ డాన్సులూ తెల్లవార్లూ వీధులన్నీ తిరుగుతాయి. మా నాన్న బుట్టబొమ్మలు కట్టేవాడు. మీసం రాకముందే నేను బొమ్మలోకి దూరాను. ఇప్పుడు మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు కాబట్టి బొమ్మ పక్కన తోడు మనిషిగా నడుస్తున్నాను. పక్కన నడిస్తేనే అసలు సంగతులు తెలుస్తాయి, లోపల ఉన్నవాడికి సగం తెలియవు.

నువ్వు ఊపిరాట్టం గురించి అడిగావు, బాత్రూం గురించి అడిగావు. అసలు అడగాల్సింది గాలి గురించి. మా వీధుల్లో రెండు వైపులా ఇళ్ళుంటాయి, గాలి బెడద లేదు. మీ వీధుల్లోనూ అంతే. పొద్దున్న చుట్టు హాయిగా అయిపోతుంది, అది చూసి సాయంత్రం కూడా ఇంతే అనుకుంటావు. బీచ్‌రోడ్డు వేరు. పొద్దుటి నుంచి నేల కాగి కాగి ఉంటే, మధ్యాహ్నానికి సముద్రం మీది చల్లగాలి లోపలికి తోసుకొస్తుంది. మూడు నుంచి అయిదు దాకా దాని జోరు. పొద్దు కుంగాక తగ్గుతుంది. మీ ఊరేగింపు సరిగ్గా ఆ జోరులోనే కదులుతోంది. మనిషి కంటే బారెడు ఎత్తు పెరిగిన బొమ్మ, చుట్టూ చీర, చాచిన చేతులు. గాలికి ఇంతకంటే ఏం కావాలి?

కాళీ గుడి నుంచి పార్క్ హోటల్ వైపు నడుస్తారంటే సముద్రం నీ కుడిచేతి పక్క. గాలి కుడి నుంచి వచ్చి బొమ్మను ఎడమకు తోస్తుంది. అందుకని తోడు మనిషి ఎడమ పక్కనే ఉండాలి, చెయ్యి అందేంత దూరంలో. సరదాకి వచ్చినవాళ్ళు ఫోటోలో సముద్రం పడుతుందని కుడివైపు నడుస్తారు. అలాంటివాణ్ణి తోడు పెట్టుకోకు. చట్రంలో నడుం దగ్గర ఒక వెదురు కట్టు గుండ్రంగా ఉంటుంది. దానికి లోపలినుంచి నైలాను తాడు కట్టి, ఒక కొస కుడి పక్కనుంచి బయటికి వదిలి ఇంకో మనిషి చేతికివ్వు. మగబొమ్మకీ అంతే. అంటే రెండు బొమ్మలకు నలుగురు మనుషులు. మీ ఆయన నడుం నొప్పి తాడు పట్టుకోవడానికి అడ్డం రాదు కదా.

సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర జాగ్రత్త. కురుసురా అనే ఆ సబ్‌మెరైన్ 91 మీటర్ల పొడవు, ఇసుకలో రోడ్డు పక్కనే నిలబెట్టి ఉంది. దాని చాటున నడుస్తున్నంతసేపూ గాలి కాస్త ఆగుతుంది, నీకు ధైర్యం వస్తుంది, గిరగిరా తిరుగుదామనిపిస్తుంది. అది దాటగానే గాలి ఒక్కసారిగా వచ్చి తగులుతుంది. అక్కడ తిరగొద్దు. నేరుగా నడు. గాలి మరీ గట్టిగా వస్తే దాంతో పంతానికి పోకు, మోకాళ్ళు వంచి బొమ్మను కిందికి దించేసి చట్రం నేలకు ఆనించు. చూసేవాళ్ళు బొమ్మ దణ్ణం పెట్టిందనుకుంటారు. ఎవరో ఒకరు చప్పట్లు కూడా కొడతారు.

చీర కట్టేటప్పుడు కింది అంచు నేలకు జానెడు పైకి ఉండాలి. మరీ కిందికి ఉంటే నీ కాలే తొక్కుతుంది, గాలి పోవడానికి సందు ఉండదు. బొమ్మ వీపు పక్కన, ఎవరికీ కనపడని చోట, రెండు కుచ్చిళ్ళ మధ్య కుట్టు వెయ్యకుండా వదిలెయ్. గాలి అందులోంచి బయటికి పోతుంది, నీకూ ఊపిరాడుతుంది. పట్టుచీర అయితే బాగుంటుందని మీవాళ్ళు అంటారు. వద్దు. పల్చటి సింథటిక్ చీర తేలిక, రెండు చీరలు కలిపి కుట్టాలి, ఒకటి చాలదు. సేఫ్టీపిన్నులు నమ్ముకోకు, గోనెసంచులు కుట్టే దారం వాడు.

బరువు గురించి. కాటా మీద పెట్టి చూడటం వల్ల లాభం లేదు. భుజాన పెట్టుకుని పావుగంట నిలబడి చూడు. పాత పద్ధతి బొమ్మకు వెదురు బద్దల చట్రం, తల కాగితం గుజ్జుతో చేస్తారు. గుజ్జులో మెంతిపిండి కలుపుతారు, పురుగు పట్టకుండా. మా నాన్న చింతగింజల జిగురు ఉడకేస్తే ఇల్లంతా వాసన. ఇప్పుడు కొందరు తల ఫైబరుతో పోస్తున్నారు. మెరుపు బాగుంటుంది కానీ బరువంతా పైనే ఉంటుంది, ముందుకు వాలిందంటే నీ మెడ మీదే పడుతుంది. నువ్వు తీసుకునే బొమ్మను ఒకసారి రెండు చేతులతో ఎత్తి వదులుగా పట్టుకో. ముందుకు గానీ వెనక్కి గానీ వాలిపోతోందంటే ఆ బొమ్మ వద్దని చెప్పు. భుజాల మీద కట్టెలు ఒరుసుకునే చోట పాత టర్కీ తువ్వాలు నాలుగు మడతలు వేసి దారంతో కట్టెయ్. స్పాంజి పెడతారు కొందరు, చెమటకి అది తడిసి జారిపోతుంది.

దారి కనపడటానికి బొమ్మ బొడ్డు దగ్గర కిటికీ ఉంటుంది, దానికి వల గుడ్డ కట్టి ఉంటుంది. ఆ కిటికీలోంచి ముందు నడిచేవాళ్ళ వీపులు కనపడతాయి. కింద ఏముందో, పైన ఏముందో కనపడదు. కాళ్ళ కింద స్పీడ్‌బ్రేకరు వస్తే తోడు మనిషి చెప్పాలి. పైన వైర్లు వస్తే అతనే చెప్పాలి. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక విశాఖలో చాలాచోట్ల కరెంటు తీగలు భూమిలోకి దింపారు కానీ కాలనీ సందుల్లో కేబుల్ టీవీ వైర్లు, ఇంటర్నెట్ వైర్లు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. బొమ్మ కిరీటం వాటికి తగులుకుంటుంది. ముందురోజు సాయంత్రం బొమ్మ ఎత్తుకు ఒక కర్ర కొలిచి, ఆ కర్ర పట్టుకుని మీ చుట్టు తిరిగే వీధులన్నీ ఒకసారి నడిచిరండి. తగిలిన వీధిని వదిలెయ్యండి. స్వాగత ద్వారాలు కూడా అంతే, మధ్యలో బల్బుల తోరణం కట్టేసి ఉంటారు.

చీకటి పడ్డాక అయితే ఇంకో బాధ. బయటి లైట్లు నేరుగా వల గుడ్డ మీద పడితే నీకు తెల్లటి వెలుగు తప్ప ఏమీ కనపడదు. రాత్రి ఆట నిలబడ్డ చోటే ఆడాలి. నడక వద్దు. వాళ్ళు ఎంత బతిమాలినా సరే.

బాత్రూం గురించి భయపడకు. ఈ వేషాలన్నిట్లో బుట్టబొమ్మకున్న సుఖం అదే. చట్రం తన కాళ్ళ మీద తాను నిలబడుతుంది, నువ్వు కిందినుంచి వంగి బయటికి వచ్చెయ్యొచ్చు. పులివేషం వేసినవాడికి ఆ వీల్లేదు, ఒళ్ళంతా రంగే. అలాగని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళుంటారు, నువ్వు ఆ పని చెయ్యకు. లోపల చెమట ధారగా కారుతుంది. గంటకోసారి బయటికి వచ్చి ఉప్పేసిన మజ్జిగ గ్లాసుడు తాగు. పొద్దున్న చద్దన్నం, ఉల్లిపాయ. మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలు పంచుతారు, నువ్వు ముట్టుకోకు. రెండు ముద్దలు పెరుగన్నం చాలు.

లోపల కాటన్ చుడీదారు వేసుకో, చున్నీ వద్దు. గాజులు తీసెయ్. మంగళసూత్రం లోపలికి వేసుకుని పిన్ను పెట్టుకో, బద్దలకు పట్టుకుంటుంది. ఫోన్ మీ ఆయన దగ్గర ఉంచు. బొమ్మ కడుపులోంచి ఫోన్ మోగితే పిల్లలు నవ్వుకుంటారు, అదొక్కటే లాభం.

ఇక ఆట. నీ కాళ్ళు కనపడవన్న మాట నిజమే కానీ బొమ్మ భుజాలు కనపడతాయి. నువ్వు పట్టపగలు ఆఫీసుకి నడిచినట్టు నడిస్తే బొమ్మ కూడా ఆఫీసుకి పోతున్నట్టే ఉంటుంది. డప్పు దెబ్బకొకసారి ఒక భుజం దించు, మళ్ళీ దెబ్బకి ఇంకో భుజం. అంతే. తాళం రాదని బెంగపడకు, డప్పులవాడి దగ్గరగా నిలబడు, దెబ్బ కర్రల్లోంచి నీ భుజానికే వస్తుంది.

చిన్నపిల్లలు ఏడుస్తారు. బొమ్మ ముఖం నవ్వుతూనే ఉంటుంది కదా, వాళ్ళకు అదే భయం. దగ్గరికి పోకు. రెండు అడుగులు వెనక్కి వేసి వంగు, వాళ్ళే వస్తారు. బొమ్మ చేతిలో పది రూపాయలు పెట్టి దణ్ణం పెట్టే ముసలమ్మలు కూడా ఉంటారు. కార్నివాల్ అనీ పోటీ అనీ వాళ్ళకు తెలీదు. వాళ్ళకు అది అమ్మవారి ముందు నడిచే బొమ్మే. ఆ పది రూపాయలు వద్దనకు, తీసుకో.

మేకప్ పెట్టె

పులి సంగతి నాకు వదిలెయ్యండి. నేను నాటకాలకూ స్కూలు వార్షికోత్సవాలకూ మేకప్ చేస్తాను. మాది తిరుపతి, పెళ్ళయ్యాక విశాఖ వచ్చాను.

మీ అత్తగారికి నా తరఫున నమస్కారం చెప్పండి. ఎనామిల్ పెద్దవాళ్ళకే వద్దు, పిల్లాడికి అసలే వద్దు. అది ఆరాక చర్మం మీద పొరలా బిగుసుకుపోతుంది, చెమట బయటికొచ్చి ఆరడానికి దారి ఉండదు. ఒంటి వేడి తగ్గేది చెమట ఆరితేనే. పైగా దాన్ని వదిలించడానికి కిరసనాయిలో థిన్నరో పెట్టి రుద్దాలి, చర్మం మండి ఎర్రగా కందిపోతుంది. ‘ఇప్పుడు రంగుల్లో సీసం లేదమ్మా’ అని కొట్టతను అనొచ్చు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదని 2017 నవంబరు నుంచి నిబంధన ఉన్నమాట నిజమే. అది గోడలకూ తలుపులకూ పెట్టిన హద్దు, పిల్లల బుగ్గలకు కాదు.

పాతకాలపు మేకప్ అంతా మంచిదే అనేవాళ్ళ మాటా వినకండి. వెనకటి నాటకాలవాళ్ళు ముఖానికి పసుపు మెరుపు రావడానికి అర్దళం అనే పచ్చటి ఖనిజం పొడి వాడేవారు. అర్దళంలో ఉన్నది ఆర్సెనిక్. అదే సమయంలో మా తిరుపతి గంగమ్మ జాతర చూడండి. బైరాగి వేషానికి ఒళ్ళంతా నామకొమ్ము (నామాలు పెట్టుకునే తెల్లసుద్ద), బండవేషానికి కుంకుమ, తోటివేషానికి బొగ్గు. ఒక్కోరోజు ఒక్కో వేషం కదా, రాత్రికి కడిగితే పోవాలి, మర్నాడు ఇంకోటి వెయ్యాలి. అక్కడ కూడా ఇప్పుడు కుంకుమ పేరుతో ఏవేవో రంగుపొడులు అమ్ముతున్నారనుకోండి, అది వేరే గొడవ.

మీ బాబుకు నేనైతే ఇలా చేస్తాను. ఒళ్ళంతా రంగు వెయ్యను. పసుపు రంగు కాటన్ బనియను, అదే రంగు ప్యాంటు కొని వాటి మీద ఫ్యాబ్రిక్ పెయింటుతో నల్లచారలు వేసి రెండు రోజులు ఆరబెడతాను. చారలు నిలువుగా గీసెయ్యకుండా వెన్నుపూస దగ్గర మొదలుపెట్టి పక్కలకు సన్నబడేలా లాగాలి, అప్పుడే అది పులి. నిలువుగా గీస్తే జైలు బట్టలవుతాయి. తోకలోకి సైకిలు ట్యూబు దూర్చి గుడ్డ చుడితే ఊగుతుంది. తీగ పెట్టకండి, జనంలో ఎవరి కంట్లోనైనా పొడుచుకుంటుంది.

రంగు ముఖానికి మాత్రమే. నీళ్ళతో కలిపే ఫేస్ పెయింట్ పూర్ణామార్కెట్ వైపు ఫ్యాన్సీ షాపుల్లో అడగండి. డబ్బా మీద చర్మానికి వాడొచ్చని రాసి ఉంటేనే తీసుకోండి. కొన్న రోజే మోచేతి మడత లోపల రూపాయి బిళ్ళంత రాసి ఒక రోజు చూడండి. దురద గానీ దద్దుర్లు గానీ వస్తే మానెయ్యండి. వేసే ముందు ముఖానికి కొబ్బరినూనె పల్చగా రాసి టిష్యూతో అద్దెయ్యాలి, నూనె ఎక్కువైతే రంగు నిలవదు. కనురెప్పల మీదా పెదవుల మీదా వద్దు. వాడు తింటాడు, కళ్ళు నులుముకుంటాడు, ఎంత చెప్పినా వినడు. తీసేటప్పుడు కొబ్బరినూనె, తర్వాత శనగపిండి. సబ్బు ఆఖరున.

పులికి కోరలు కావాలని అడుగుతాడు. ప్లాస్టిక్ కోరలు నోట్లో పెట్టకండి, గెంతేటప్పుడు మింగితే అదో గండం. పెదవి కింద తెల్లరంగుతో గీసేస్తే చాలు.

కొలోన్ టు కంచరపాలెం

ఉద్యోగం మీద జర్మనీలో కొలోన్‌లో ఉండొచ్చాను. ఈ టాపిక్ చూస్తే చెయ్యి ఊరుకోలేదు. అక్కడ కార్నివాల్ సీజన్ నవంబరు 11న ఉదయం 11 గంటల 11 నిమిషాలకు మొదలుపెడతారు, అసలు వీధుల సందడి ఫిబ్రవరి, మార్చిలో. గురువారం ఆడవాళ్ళది, కత్తెర పట్టుకుని తిరిగి మగవాళ్ళ టైలు కత్తిరిస్తారు. మా ఆఫీసులో ఆ రోజు అందరూ పాత టైలే కట్టుకొచ్చేవారు. సోమవారం పెద్ద ఊరేగింపు. బళ్ళ మీదనుంచి చాక్లెట్లు విసురుతుంటే జనం ‘కామెల్లె’ (మిఠాయిలు) అని అరుస్తారు. తెలివైనవాళ్ళు గొడుగు తిరగేసి పట్టుకుంటారు, సగం చాక్లెట్లు అందులోనే పడతాయి.

అక్కడ సమస్య మీకు ఎదురయ్యేదానికి పూర్తిగా వ్యతిరేకం. చలి. వేషం రెండు సైజులు పెద్దది కొని కోటు మీద వేసుకుంటారు. పులి, ఎలుగుబంటి లాంటి బొచ్చు వేషాలు ఎక్కువ ఉండేది అందుకే.

నాకు బాగా నచ్చింది ఏమిటంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా వేషంలోనే వస్తారు. ట్రామ్ ఎక్కితే పక్కసీట్లో ఒక తేనెటీగ కూర్చుని పేపరు చదువుతుంటుంది. మనం మాత్రం ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడతాం. నడిచేది వంద మంది, వీడియో తీసేది మిగతా ఊరంతా. గోవాలో కూడా కార్నివాల్ శనివారం పణజి ఊరేగింపులో కార్నివాల్ రాజు వేషంలో కింగ్ మోమో వచ్చి తినండి, తాగండి, మజా చెయ్యండి అని చాటిస్తాడు, అక్కడైనా చూసేవాళ్ళలో రంగుటోపీలు, ముసుగులు కనపడతాయి. మీ కాలనీవాళ్ళు ఒక పని చెయ్యండి. నడిచేవాళ్ళతో పాటు చూడ్డానికి వచ్చే మీ చుట్టాలనందర్నీ ఏదో ఒకటి వేసుకుని రమ్మనండి. కనీసం మీసమైనా పెట్టుకోమనండి.

గవరపాలెం బాబాయి

కంచరపాలెం బాబూ, నువ్వు చెప్పింది వినడానికి బాగుంది గానీ ఒక మాట. మా దగ్గర చూసేవాడికి వేరే పని ఉంది. బొమ్మకి దారివ్వాలి, పులి నోటితో ఎత్తడానికి నోటు కింద పెట్టాలి, ముసలివాళ్ళను ముందుకు తోసి చూపించాలి, డప్పు మందగిస్తే కేకెయ్యాలి. వాడు కూడా వేషం కట్టేసుకుంటే ఆ పనులెవరు చేస్తారు? ఫోన్లు ఎత్తడం నాకూ నచ్చదు. ఫోన్ పట్టుకున్నవాడికి రెండు చేతులూ ఖాళీ ఉండవు, చప్పట్లు పోయాయి. వేషగాడికి కావలసింది ఆ చప్పుడే. మీసాలు పెట్టుకుని వచ్చి ఫోన్లు ఎత్తితే ఏం లాభం?

తేనెటీగ పేపరు చదవడం మాత్రం చూడాలనుంది.

ఎంవీపీ సెక్టార్ తొమ్మిది

బాబాయి గారూ, మీ జవాబు మా ఇంట్లో అందరికీ గట్టిగా చదివి వినిపించాను. తాడు పట్టుకోవడానికి మా ఆయన ఒప్పుకున్నారు. నడుం నొప్పి మాయమైపోయింది. మా మరిది ఆ కర్ర కొలిచే పని నిన్ననే చేసొచ్చాడు. మా వెనక వీధిలో మూడుచోట్ల ఇంటర్నెట్ వైరు తగిలిందట, ఆ వీధి వదిలేస్తున్నాం. ఆ వీధిలోని పిన్నిగారికి కోపం వచ్చింది, వాళ్ళింటి ముందు ఆగకపోతే ఎలా అని. బొమ్మను వీధి మొదట్లో నిలబెట్టి, ఆవిణ్ణే అక్కడికి హారతి పట్టుకుని రమ్మన్నాం.

మేకప్ అక్కా, బనియను ఐడియా మా బాబుకు మొదట నచ్చలేదు. ‘నిజం పులి బనియను వేసుకోదు’ అన్నాడు. తోకలో సైకిలు ట్యూబు అని చెప్పగానే మారు మాట్లాడలేదు. ఇప్పుడు తోక ఒక్కటీ తయారైంది, దాన్నే కట్టుకుని ఇల్లంతా తిరుగుతున్నాడు. మోచేతి మీద రంగు రాసి చూశాం, ఏమీ కాలేదు.

ఒక సందేహం మిగిలింది. కాళ్ళకు ఏం వేసుకోవాలి? మా కోలాటంవాళ్ళు ఒట్టికాళ్ళతో నడుస్తారు. నేనూ అలాగే నడవాలా?

గవరపాలెం బాబాయి

వద్దమ్మా. ఆ రోడ్డు తారు నాలుగింటిదాకా కాలుతూనే ఉంటుంది, పైగా ఇసుక ఎగిరొచ్చి పడి ఉంటుంది. మొక్కున్నవాళ్ళ సంగతి వేరు. నువ్వు మాత్రం వెనక పట్టీ ఉన్న చెప్పులు, లేకపోతే పాత కాన్వాస్ బూట్లు వేసుకో. హవాయి చెప్పులు మాత్రం వద్దు. తిరిగేటప్పుడు చెప్పు ఒకపక్క, నువ్వొకపక్క పోతారు. కొత్త బూట్లు కూడా వద్దు, మడమ బొబ్బలెక్కుతుంది. ఎవరికీ కనపడవుగా, ఎంత పాతవైతే అంత మంచిది.

మధురవాడ కొత్త

మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. మా అపార్ట్‌మెంట్‌లో కూడా సంక్రాంతికి బుట్టబొమ్మలు పెట్టాలనుకుంటున్నాం. కొనాలా, అద్దెకు తీసుకోవాలా? అద్దె అయితే ఏం చూసుకోవాలి?

గవరపాలెం బాబాయి

ఏడాదికి ఒకసారికైతే కొనకండి బాబూ. పెట్టుకోవడానికి చోటుండదు, ఎలకలు కొట్టేస్తాయి. అద్దెకే తెచ్చుకోండి, కానీ ఫోన్లో ఫోటో చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు. వెళ్ళి లోపలికి దూరి చూడాలి. బద్దలు కట్టిన చోట తాడు వదులైందా, చేతులు కదిపితే కిర్రుమంటున్నాయా, వల గుడ్డ చిరిగిందా చూసుకోండి. మెడ అతికిన చోట గోటితో తట్టండి, బోలుగా మోగితే లోపల గుజ్జు వదిలేసినట్టే. మంచుకు గానీ వానకు గానీ తడిసిన బొమ్మ వద్దు, ఎంత రంగు వేసినా అది బరువెక్కే ఉంటుంది. ముక్కు మీదా చెవుల మీదా పెచ్చులు ఊడి ఉంటే అక్కడికక్కడే ఫోటో తీసి, అద్దెకిచ్చేవాళ్ళకు చూపించి, వాళ్ళ ఫోన్‌కి కూడా పంపించండి. తిరిగి ఇచ్చేటప్పుడు ముక్కు దగ్గరే గొడవలొస్తాయి.